సేవ్ బటన్ లేని వాద్యం

రోలాండ్ ఎస్‌హెచ్-101లో శబ్దాన్ని దాచుకునే ఏర్పాటు లేదు. 1982లో వచ్చిన ఈ జపాన్ సింథసైజర్‌కి 32 మీటలు, వాటి పైన వరసగా స్లైడర్లు. ఏ స్లైడర్ ఎక్కడుందన్నదే శబ్దం. కదిపితే పాతది పోయినట్టే. రోజంతా గిట్‌లో కమిట్లు చేసుకుంటూ, ఎప్పుడైనా వెనక్కి వెళ్ళొచ్చన్న ధీమాతో బతికే నాలాంటివాడికి ఇది కాస్త భయపెట్టే సంగతే.

సైనిక్‌పురిలో మా వీధి చివర ఉండే రిటైర్డ్ ఆఫీసర్ అంకుల్ ఇంట్లో దీన్ని మొదటిసారి చూశాను. చనిపోయిన వాళ్ళ తమ్ముడిది. "నువ్వు ఇంజినీరువి కదా బాబూ, పలుకుతుందేమో చూడు. పలికితే ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు.

అడాప్టర్ తగిలించే ముందు ఫోన్‌తో ప్యానెల్ ఫొటోలు తీశాను. ఆ స్లైడర్లు ఉన్న తీరు ఆయన చివరిసారి కూర్చుకున్న శబ్దం కావొచ్చు. దుమ్ము తుడిచే గుడ్డ ఏదో ఒకటి కదిపి కూడా ఉండొచ్చు.

మీట నొక్కితే ముందు గరగర, తర్వాత స్వరం. ఫిల్టర్ సగం మూసి ఉండటంతో, పక్కగదిలో ఎవరో పాడుతున్నట్టుంది. పోర్టమెంటో బాగా పెంచి ఉంది. ఒక మీట నుంచి ఇంకో మీటకి స్వరం దూకడం లేదు, జారుతోంది.

రెండు మీటలు కలిపి నొక్కినా పలికేది ఒక్క స్వరమే. కార్డ్స్ వాయించేవాళ్ళకి అది లోటు. నాదస్వరం, వీణ విని పెరిగిన చెవికి కాదు. గమకం పలకదన్న ఆక్షేపణతో హార్మోనియాన్ని ఆలిండియా రేడియో 1940లో నిషేధించి, దశాబ్దాల పాటు దూరం పెట్టింది. ఈ పెట్టెలో ఆ జారు ఉంది. 1982లోనే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ రోలాండ్ యంత్రాల మీద పది రాగాలు రికార్డు చేశాడంటే ఇప్పుడు ఆశ్చర్యం వేయడం లేదు. అయితే ఇది గమకం కాదు. వీణ మీద వేలు ఎంత జారాలో ప్రతిసారీ కొత్తగా తేల్చుకుంటుంది. ఇక్కడ ఆ తీరు ముందే పెట్టేసి ఉంటుంది.

అంకుల్ గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు. "వాడు ఇంత నెమ్మదిగా వాయించేవాడు కాదు" అన్నారు. కాసేపాగి, "ఆ కింది స్వరం ఇంకోసారి నొక్కు."

సింథసైజర్ గురించి రాయాలంటే స్లైడర్లు కదిపి చూడాలి. నేను కదపలేదు, కాబట్టి ఇది సగం సమీక్షే. ఫొటోలున్నాయి కదా అనొచ్చు. ఫిల్టర్ వెంట్రుకవాసి జరిగినా గొంతు మారుతుంది, ఫొటోలో అంత కొలత దొరకదు. ఇచ్చేయడం గురించి అంకుల్ మళ్ళీ ఎత్తలేదు. ఎవరు తీసుకెళ్ళినా మొదట చేసే పని స్లైడర్లు కదపడమే. అందులో తప్పేమీ లేదు, అవి ఉన్నది అందుకే.