గోదావరి మీంచి ఫొటో పంపాం... అందిందా?

గోదావరి ఒడ్డుకి ఎన్నడూ వెళ్ళని తెలుగు కుర్రాడు కూడా గోదావరిని చూసే ఉంటాడు. ఎక్కడంటారా? టిక్కెట్టు కొనుక్కుని, చీకట్లో కూర్చుని! 1964లో ‘మూగమనసులు’ కోసం అక్కినేని ఈ నది మీద పడవ నడిపాడు. 1973లో బాపు, రమణ కలిసి ‘అందాల రాముడు’లో ఏకంగా లాంచీ నిండా జనాన్ని ఎక్కించి భద్రాచలం ప్రయాణం కట్టించారు. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అని పేరే పెట్టేసి, సుమంత్‌నీ కమలినీ ముఖర్జీనీ అదే దారిన పంపాడు. ఇక వంశీ సంగతి మీకు నేను చెప్పాలా?

ఆ పాత రోజుల్లో ఇక్కడికి ఔట్‌డోర్‌కి వచ్చిన యూనిట్‌కి ఒక దిగులు ఉండేది. ఎక్స్‌పోజ్ చేసిన నెగెటివ్ డబ్బాలు మద్రాసు ల్యాబ్‌కి వెళ్ళాలి. అక్కడ కడగాలి, ప్రింటు వెయ్యాలి. షాటు బాగా పడిందో, హీరోయిన్ కళ్ళు మూసిందో, అప్పటిదాకా భగవంతుడికే ఎరుక! ఇప్పుడో? కెమెరా, ల్యాబ్, పోస్టాఫీసు మూడూ మీ చొక్కా జేబులోనే ఉన్నాయి. 1997 జూన్ 11న ఫిలిప్ కాన్ అనే ఆయన అమెరికాలో, అప్పుడే పుట్టిన కూతురి ఫొటోని ఆస్పత్రి నుంచే సెల్‌ఫోన్ ద్వారా రెండువేల పైచిలుకు మందికి పంపాడు. సెల్‌ఫోన్‌లో ఫొటో పంపడానికి అదే శ్రీకారమంటారు. 2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది. 2016లో జియో వచ్చి డేటా చవక చేసేసింది. ఆ తర్వాత కథ మీకే బాగా తెలుసు.

నేను రాజమండ్రిలో దిగింది సాయంత్రం. పుష్కర ఘాట్ మెట్ల మీద ఎటు చూసినా ఎత్తిన చేతులే! హారతికి దణ్ణం పెడుతున్నారనుకునేరు, కాదు. అందరికీ వెనకాల వంతెన పడాలి. 1900లో కట్టిన హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో వచ్చిన ఆర్చి వంతెన... ఇన్ని ఉన్నా కుర్రకారు ఓటు మాత్రం ఆర్చి వంతెనకే. రైలు వచ్చేదాకా నవ్వు ముఖం పెట్టుకుని నిలబడ్డ ఒక కొత్త దంపతుల్ని చూశాను. రైలు వచ్చేసరికి ఆ నవ్వు కాస్తా వాడిపోయింది పాపం!

మర్నాడు కొవ్వూరు మీదుగా కుమారదేవం వెళ్ళాను. సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ ఊరి పేరు చెబితే చాలు, ‘సినిమా చెట్టు’ అంటారు. గోదావరి గట్టున గొడుగులా విప్పుకున్న నిద్రగన్నేరు. సాయంత్రం అయ్యేసరికి ఆకులు ముడుచుకుని పడుకుంటుంది గనక ఆ పేరు. దాని నీడన పాటలు తీశారు, పంచాయితీలు తీశారు, పెళ్ళిచూపులు తీశారు. ఒక్క రూపాయి పారితోషికం అడగని ఆర్టిస్టు! 2024 ఆగస్టు 5న అది కూలిపోయింది. నేను వెళ్ళింది ఆ తర్వాత. సినిమాల్లో చూసిన ఆ గొడుగు అక్కడ లేదు. ఎండ మాత్రం ఉంది.

గట్టు దగ్గర టీ కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి అడిగాడు:

‘‘తవరు ఇంతకుముందు వచ్చారాండీ? చెట్టు ఫొటో ఏవైనా ఉందాండీ తవరి దగ్గర?’’

‘‘మీ ఊరి చెట్టు గదా, మీ దగ్గర లేదా?’’ అన్నాను.

‘‘ఇంట్లో మనిషికి రోజూ ఫొటో తీస్తావాండీ? వచ్చినోళ్ళందరూ తీసుకుపోయారు. ఒక్కళ్ళూ మాకు పంపలేదు.’’

నా ఫోన్‌లో చెట్టు లేదు. నేను వెళ్ళడం అదే మొదలు. కానీ హైదరాబాదు మిత్రుడొకడు పెళ్ళికి ముందు ఫొటో షూట్ ఇక్కడే చేయించుకున్నాడని గుర్తొచ్చింది. అక్కడి నుంచే మెసేజ్ కొట్టాను. పది నిమిషాల్లో పదకొండు ఫొటోలు వచ్చి పడ్డాయి. తొమ్మిదింటిలో వాడి ముఖమే! మిగిలిన రెండింటిలో చెట్టు. ఆ రెండూ టీ కొట్టాయన ఫోన్‌కి పంపాను. టీ డబ్బులు తీసుకోనని ఆయన ఒకటే మొండికేశాడు.

ఇక పాపికొండలు. గండిపోచమ్మ దగ్గర బోటు ఎక్కాం. ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. మా పక్కన కాలేజీ కుర్రాళ్ళు ఏడుగురు. వాళ్ళలో ఒకడు, ‘‘ఈ నారింజ రంగుతో ఫొటోలో బావుండదురా’’ అని జాకెట్ విప్పబోయాడు. బోటు మనిషి మాటా మంతీ లేకుండా వచ్చి మళ్ళీ కట్టి వెళ్ళాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎంతోమంది పోయిన నది ఇది. ఒడ్డున ఏదో కనిపించగానే అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకి పరుగెత్తితే బోటు ఎలా ఒరుగుతుందో చూస్తే గుండె జారుతుంది. ఫొటో కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం హీరోయిజం అని ఎవరన్నా అంటే, హీరోకి డూప్ ఉంటాడని గుర్తు చెయ్యండి.

కొండలు దగ్గరపడే కొద్దీ ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. కుర్రాళ్ళ ఫొటోలన్నీ మధ్యలో ఆగిపోయి, పక్కన చిన్న గడియారం బొమ్మ పెట్టుకుని కూర్చున్నాయి. విచిత్రం ఏమిటంటే, మనం ఎక్కడున్నామో మాత్రం ఫోన్‌కి తెలుస్తూనే ఉంటుంది. దానికి టవర్‌తో పని లేదు, ఉపగ్రహాలు చెబుతాయి. తీసిన ప్రతి బొమ్మలోనూ ఆ చోటు ఎక్కడో రహస్యంగా రాసి పెట్టే సెట్టింగు కూడా ఉంటుంది. ఇల్లు తాళం వేసి తిరిగేవాళ్ళూ, ఒంటరిగా ప్రయాణం చేసే అమ్మాయిలూ ఆ సంగతి కాస్త చూసుకోవాలి. బస దాటాక పెడితే ఫొటో అందం ఏమీ తగ్గదు గదా!

పేరంటాలపల్లిలో దిగాం. అక్కడి కొండరెడ్లు వెదురుతో పువ్వులు చేసి అమ్ముతారు. కత్తితో గీస్తుంటే పుల్ల చివర రేకులు విచ్చుకోవడం చూస్తుంటే ఎంతసేపైనా చాలదు. పద్నాలుగేళ్ళ పిల్ల ఒకతె తల వంచుకుని పువ్వు చేస్తోంది. మన ఏడుగురిలో ఒకడు టక్కున ఫొటో తీసి, కింద ఏదో కొంటె మాట రాసి, పంపేశాడు. పక్కన కూర్చున్న ముసలమ్మ తలెత్తింది.

‘‘బాబూ, పిల్ల బొమ్మ ఏ ఊరు పోద్ది?’’

కుర్రాడు నవ్వబోయి ఆగిపోయాడు. ఏ ఊరని చెబుతాడు? వాడికి మాత్రం తెలుసా?

‘‘అడిగి తీయాలి గదా నాయనా’’ అంది ఆవిడ. కోపంగా కాదు, మామూలుగానే.

వాడు ఫోన్ చూసుకున్నాడు. గడియారం బొమ్మ ఇంకా అలాగే ఉంది. సిగ్నల్ లేదు, ఫొటో కొండ దాటలేదు. అక్కడికక్కడే చెరిపేసి, తెర ఆవిడకి చూపించాడు. నగరంలో అయితే ఈపాటికి రెండొందల మంది చూసి ఉండేవారు. అప్పుడా పిల్ల తల ఎత్తకుండానే, ‘‘ముకం వద్దు. పువ్వు తీసుకో’’ అంది. వాడు పువ్వు తీశాడు, చేతులు తీశాడు, నాలుగు పువ్వులు కొన్నాడు కూడా. నిజం చెప్పొద్దూ, ఆ రోజు మొత్తానికి మంచి స్టిల్ అదే!

తిరుగు ప్రయాణంలో బోటు అంచున ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, అక్క పిల్లలకి నీళ్ళవైపు చెయ్యి చూపిస్తోంది. ‘‘అదిగోరా, ఆ తాడిచెట్లు కనపడుతున్నాయే, ఆ వెనకే మన ఇల్లు.’’ అక్కడ ఇల్లేం లేదు, నీళ్ళే. దేవీపట్నం మండలంలో వాళ్ళ ఊరు పోలవరం ముంపులో పోయింది. 2021లో గోదావరిని స్పిల్‌వే వైపు మళ్ళించాక నీళ్ళు వెనక్కి ఎగదన్నడం మొదలైంది. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారట.

ఆవిడ ఫోన్ తీసి ఇంటి ఫొటో చూపించింది. పెంకుటిల్లు, అరుగు, అరుగు మీద ఎవరో పెద్దాయన. ఎవరో కనుక్కోలేనంత మసక. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది దాన్ని కుదించి పంపుతుంది. ఒకరు సేవ్ చేసి, మళ్ళీ ఇంకొకరికి పంపి, వాళ్ళు మళ్ళీ పంపి... ఇల్లు చేతులు మారిన కొద్దీ మనిషి ముఖం కరిగిపోయింది.

‘‘అసలు తీసిందెవరండీ?’’ అని అడిగాను.

‘‘మా తమ్ముడు, బెజవాడలో ఉంటాడు. వాడి పాత ఫోన్‌లో ఉందేమో.’’

‘‘ఆ ఫోన్ అమ్మెయ్యకముందే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడు కుదించదు, తీసింది తీసినట్టే వస్తుంది’’ అన్నాను. ఆవిడ ఆ మాట రెండుసార్లు నాచేత పలికించుకుని, తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టింది. దాని పక్కన కూడా గడియారం బొమ్మే.

గండిపోచమ్మ గుడి కనపడుతుండగా సిగ్నల్ వచ్చింది. బోటంతా ఒక్కసారిగా టింగ్ టింగ్ మంటూ మోగింది. కుర్రాళ్ళు లైకులు లెక్కపెట్టుకుంటున్నారు. ఆవిడ మాత్రం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తమ్ముడి జవాబు వింటోంది. పక్కనే ఉన్నాను గనక నాకూ వినపడింది.

‘‘ఫోన్ ఉందక్కా, బీరువాలో పెట్టాను. చార్జింగ్ ఎక్కుతుందో లేదో చూస్తాను. నాన్న ఫొటోలు ఇంకా ఉన్నాయి అందులో. దూడతో ఉన్నది కూడా.’’