శ్రీశైలమున భోజనపు బంతి

మా మిడుతూరువారికి శ్రీశైలము దూరదేశము కాదు. నందికొట్కూరు చేరి, ఆత్మకూరు మీదుగా నల్లమల అడవిలో ప్రవేశించి, దోర్నాలవద్ద మలుపు తిరిగి కొండ యెక్కినచో ఒక పూటలో మల్లన్న సన్నిధిని ఉండవచ్చును. 2025 ఆగస్టు 15 నుండి ఈ రాష్ట్రమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేని ప్రయాణము లభించినందున, ఏండ్ల తరబడి ఇల్లు కదలని ముసలమ్మలు కూడ ఈ నడుమ మూట కట్టుకొని బయలుదేరుచున్నారు. దర్శనమునకు వరుస యున్నది. గదికి ముందుగా పేరు వ్రాయించుకొను ఏర్పాటున్నది. కాని పదిమందిని వెంటబెట్టుకొని పర్వదినములలో కొండ యెక్కిన ఇల్లాలికి అసలు చిక్కు మధ్యాహ్నము రెండు గంటలకు వచ్చును. పిల్లలు కొంగు పట్టి లాగుచుందురు. పెద్దలకు కన్నులు తిరుగుచుండును. హోటలులో ఒక్క బల్లయు ఖాళీ యుండదు. తినుచున్నవారి వీపువెనుక నిలిచి, వీరెప్పుడు చేయి కడుగుదురాయని చూచుట తినువారికిని బాధ, చూచువారికిని సిగ్గు. ముందుగా చెప్పుకొననివారికి అన్నము దొరకు ఉపాయమేమో, ఆ సంగతియే సోదరీమణులకు వ్రాయుచున్నాము.

మొన్నటి కార్తికమాసమున ఒక ఆదివారమునాడు మేము కొండకు పోతిమి. మా అత్తగారు, మా తోడికోడలు, పిల్లలు ముగ్గురు, మరునాటికి బడికి సెలవు పెట్టిన మావారు, వీరుగాక మా పక్కింటి పిన్నమ్మ. ఈమెది మా కులము కాదు. ఐనను మావారి చిన్ననాటినుండి పిన్నమ్మయే. మా పిల్లలకు పురుడు పోసినది ఈమెయే. అత్తగారికి మధుమేహము, పూటపూటకు సూదిమందు. అది వేసుకొని వేళకు తినకున్నచో చెమటలు పట్టి స్పృహ తప్పును. కావున బంతిలో చోటు ఖాయమైన తర్వాతనే మందు వేసుకొనుమని వైద్యులు చెప్పియుండిరి. ఆమె కొంగుముడిలో ఎల్లప్పుడు ఒక బెల్లపుముక్క యుండును. ఇట్టి పెద్దలను తీసికొనిపోవు సోదరీమణులు దీనిని మరువరాదు.

కొండమీది భోజనపు రద్దీ కొండమీద పుట్టినది కాదు, అడవిలో పుట్టినది. దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు ఘాటుదారి పులుల అభయారణ్యములోనిది. రాత్రి తొమ్మిదినుండి ఉదయము ఆరువరకు వాహనములను పోనీయరు. రాత్రి వచ్చినవారందరు గేటువద్ద నిలిచి, ఆరు గంటలకు గేటు తీయగానే కట్ట తెగిన చెరువువలె ఒక్కసారి కదలుదురు. అందరును ఇంచుమించు ఒకే వేళకు కొండ చేరి, ఒకే వేళకు స్నానము చేసి, ఒకే వేళకు ఫలహారమునకు, పిదప ఒకే వేళకు వరుసకు పోవుదురు. కనుక అందరి కడుపులును ఒకే వేళకు కాలును. ఇది తెలిసినచో సగము చిక్కు తీరినట్లే. మేము ఆత్మకూరులోనే బస్సు దిగి వేడివేడి ఉగ్గాని బజ్జీ తిని, ఆ గుంపు ఫలహారశాలల ముందు మూగియున్న సమయమున దర్శనపు వరుసలో నిలిచితిమి.

దర్శనము బాగుగనే ఐనది గాని, వెలుపలికి వచ్చునప్పటికి ఒంటిగంట దాటినది. రెండు హోటళ్లు చూచి, మా కులమువారి సత్రమునకు పోతిమి. పాఠకురాండ్రకు తెలిసినదే, శ్రీశైలమున కులమునకొక సత్రమున్నది. బ్రాహ్మణులది, ఆర్యవైశ్యులది, రెడ్లది, కమ్మవారిది, వెలమలది, ఇంకను పలువురివి. దారీతెన్నూ లేని అడవికొండకు జనము కాలినడకను వచ్చిన దినములలో, ఏ కులపు పెద్దలు ఆ కులపువారికి నీడయు అన్నమును కల్పించిరి. ఆ దాతలు పుణ్యాత్ములు. వారిని తప్పు పట్టుట మా యుద్దేశము కాదు. కాని ద్వారమువద్ద కూర్చున్న గుమాస్తా గోత్రములడిగి, పిన్నమ్మను చూచి, "మీరందరు లోపలికి రండి. ఆమెకు దేవస్థానమువారి శాల ఉన్నది గదా" అనెను. అతడు దురుసుగా అనలేదు. అది అచ్చటి నియమము, అంతే.

పిన్నమ్మ వెంటనే, "నా కోసరం నువ్వెందుకక్కా ఎండలో నిలబడేది? పోయి తిను. నేను ఆ చెట్టుకింద కూచుంటా" అన్నది.

ఇంట మడికట్టు విడువని మా అత్తగారు, పెండ్లిండ్లలో సైతము వంటవాడెవరో విచారింపక విస్తరిముందు కూర్చుండని ఆమె, గుమాస్తావైపు తిరిగి, "నలభైయేండ్లు కష్టంలో సుఖంలో నా పక్కన నిలబడిన మనిషి. ఆమె యాడ తింటే నేనూ ఆడే తింటా" అని మెట్లు దిగినది. అప్పటికి ఆమె వ్రేళ్లు కొంచెము వణకుచుండెను. బెల్లపుముక్క నోట వేయించి, ఆమెను మధ్య నుంచుకొని అందరమును దేవస్థానమువారి అన్నప్రసాదశాలకు నడచితిమి. అక్కడ కులమడుగరు, ఊరడుగరు, పేరైన నడుగరు.

వరుస పొడవు చూచి మా తోడికోడలు నిట్టూర్చినది గాని, మావారు లెక్కల మేష్టరుగదా, ఒక లెక్క చెప్పిరి. ఇట్టి శాలలలో జనమును ఒక్కొక్కరిగా పంపరు, బంతిబంతిగా కూర్చుండబెట్టుదురు. శాలలో మున్నూరుమంది పట్టుదురనుకొందము. మనముందు ఏడువందలమంది యున్నచో మనది మూడవ బంతి. వడ్డన, భోజనము, నేల తుడుచుట అన్నియు కలిపి బంతికి అరగంట. ఇప్పుడు కూర్చున్నవారు లేచిన పిదప గంటకు మనకు చోటు. ఈ లెక్క తెలియనివారు ద్వారమువద్ద త్రోసికొందురు. తెలిసినవారు పిల్లలను నీడన కూర్చుండబెట్టి వంతులవారీగా నిలుతురు. వృద్ధులను, చంటిబిడ్డల తల్లులను మనము అడిగినచో ముందుగా పంపుట కలదు. అడుగుటకు సంకోచింపరాదు. పిన్నమ్మయే పోయి అడిగినది. ఆ బంతిలోనే ఇద్దరికి చోటు దొరికినది. ఆమెయు అత్తగారును మాకంటె ముందు లోపలికి పోయిరి.

మా వంతు వచ్చినప్పుడు చూచిన ఒక వింత చెప్పక తప్పదు. బంతిలో కూర్చున్న స్త్రీలకు కొంతసేపు చేతులేమి చేసికొనవలెనో తోచలేదు. మన యిండ్లలో మొదటి బంతి మగవారిది, రెండవది పిల్లలది. అడుగంటిన గిన్నెలతో కడబంతి మనది. అక్షయపాత్రకు సైతము ద్రౌపది భుజించువరకే అక్షయత్వము, అనగా ఆమెది కడబంతి యనియే గదా. అట్టి మనకు ఎవరో అపరిచితుడు గరిటెతో వచ్చి, "అమ్మా, పప్పు ఇంకొంచెం పెట్టనా?" యని వంగి అడుగుట! మా తోడికోడలు వడ్డనకు లేవబోయినట్లు రెండుసార్లు కదలినది. బయట అరుగుమీద అత్తగారు మాకొరకు కాచుకొనియుండి, చారులో ఉప్పు తక్కువ యనిరి. "రెండుసార్లు పోయించుకుంటివే" యని పిన్నమ్మ అన్నది.

మరునాడు సోమవారము. జనము హెచ్చుగ నుండునని మేము జంకితిమి గాని, పగటి బంతి పలుచగా నుండెను. కార్తిక సోమవారమున స్త్రీలలో పెక్కురు పగలెల్ల ఉపవసించి, నక్షత్రదర్శనమైన పిమ్మట భుజింతురు. కావున నాడు పిల్లలకును, ఉపవాసము చేయలేనివారికిని మధ్యాహ్నము సులభము, రాత్రి కష్టము. ఏకాదశినాడు కూడ బంతులు పలుచబడును. శివరాత్రి మరునాటి యుదయము మాత్రము ఎవరును లెక్క వేసికొనరాదు. జాగరణ చేసిన కొండయంతయు ఒక్కసారి పారణకు కూర్చుండును. నాడు చద్దిమూటయే శరణ్యము. రెండునాళ్లు నిలువ యుండు పులిహోరయు, నువ్వుల పొడియు, కరకరలాడు సజ్జరొట్టెలును మూటలో నున్నవారు ఎవరి వీపువెనుకను నిలువ నక్కరలేదు.

అహోబిలమున దారి వేరు. ఆళ్లగడ్డనుండి పోయి నవనారసింహులలో ఎగువనున్నవారిని చూడ నెంచినవారు రాళ్లదారిని ఎక్కి దిగునప్పటికి మూడవజాము గడచును, పొయ్యిలు చల్లారియుండును. ఉదయమే దిగువ అహోబిలమున వంట చేయువారికి ఇంతమందిమని చెప్పి ఎక్కుట మేలు. మహానందిలో కోనేటి స్నానమైన పిదప దారిపొడవున అరటిపండ్లు. పిల్లల ఆకలికి అంతకుమించినది లేదు.

మా ఆడపడుచు కుమార్తె అమెరికాలో ఉన్నది. అచటి ఫ్లోరిడా రాష్ట్రములోని డిస్నీ వినోదవనమునకు తన అత్తగారిని తీసికొనిపోయిన కథ ఫోనులో చెప్పి మమ్ము నవ్వించినది. సెలవుదినములలో అచటి పెద్ద భోజనశాలలలో కూర్చుండవలెనన్న 60 దినములకు ముందే బల్ల నిర్ణయించుకొనవచ్చునట. ఆలసించినచో మంచి వేళలన్నియు పోవును. రెండు నెలల తర్వాత ఫలానా దినమున ఫలానా గంటకు నాకు ఆకలి యగునని ఎవరు చెప్పగలరు? ఐనను అక్కడకూడ చెప్పనివారికి ఒక చిన్న ద్వారమున్నదట. భోజనశాల దగ్గరకు పోయి ఫోనులోనే వేచియుండువారి పట్టికలో పేరు చేర్చుకొనవచ్చును. వదలుకొన్నవారి బల్ల వీరికి వచ్చును. పగలు మూడు గంటలకు, అందరు తిని లేచిన వేళ పోయిన త్వరగా చోటు దొరకునని ఆమె కనిపెట్టినది. మిడుతూరు బిడ్డగదా యనుకొంటిమి.

తిథి చెప్పక వచ్చువాడే అతిథి యని మా తండ్రిగారు మాకు చిన్నతనమున అర్థము చెప్పిరి. పెద్దన మనుచరిత్రములో ప్రవరుని యిల్లాలు వేయిమంది వచ్చినను వండుటకు అలయనిది. నడిరేయి వచ్చినవారికిని ఆ యింట లేదనుమాట లేదు. రాయలవారి ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యిల్లును అట్టిదే, ముసురుపట్టిన వానరాత్రులందును అతిథులకు అన్నమే. చదువునాడు ఇవి కవుల అతిశయోక్తులనుకొంటిమి. గోదావరీ తీరమున లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841-1909) నిజముగనే అట్లు బ్రదికిరి. ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు పోవుచు, దారిలో ఒక కుటుంబము 'కొంచెముసేపు ఓర్చుకొన్నచో సీతమ్మగారి యింట అన్నము దొరకును' అని ఆకలిగొన్న పిల్లలను ఊరడించుట విని, దర్శనము మాని ఇంటికి మరలెనని చెప్పుదురు. తిరుమలలో తరిగొండ వెంగమాంబ (1730-1817) కవయిత్రి, భక్తురాలు, అన్నదాత్రి. 1985లో మొదలైన అక్కడి నిత్యాన్నదానమునకు 2011లో కట్టిన పెద్ద శాలలకు ఆమె పేరే పెట్టిరి. నాలుగు శాలలు, ఒక్కొక్కదానిలో వేయిమంది. ఇద్దరును వితంతువులే. వారి కాలపు ఆచారము వితంతువును ఏ బంతికి దూరముగ నుంచెనో, ఆ బంతి నేడు వారి పేరనే నడచుచున్నది.

ఉగాదికి మల్లన్నను చూడ కన్నడదేశమునుండి వేలాదిమంది కాలినడకను వత్తురు. భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా వారు భావింతురు. కొందరు కర్రకాళ్లు కట్టుకొని నడుతురు. నందికొట్కూరు, ఆత్మకూరు దాటి, వెంకటాపురమువద్ద అడవిలో దిగి, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారమెక్కుట వారి పురాతనమార్గము. ఎన్నడు వత్తురో, ఎందరు వత్తురో చెప్పి రారు. మా పరగణా గ్రామములవారు దారిపొడవున పందిళ్లు వేసి అన్నము, మజ్జిగ పెట్టుట వాడుక. ఈ యేడు మా వీధి ఆడవారమంతయు కలసి రొట్టెలు చేయ నిశ్చయించితిమి. జొన్నలు పిన్నమ్మ యింట విసరింపబడినవి, పెనములు మావి. ఎన్ని రొట్టెలు చేయవలెనని మా తోడికోడలు మావారి నడిగినది. ఆయన కాగితము, కలము తీసిరి గాని, అత్తగారు దానిని ప్రక్కకు నెట్టి, పిండి అయిపోవువరకు చేయుడనిరి.