లాఫయెట్ వెళ్తే పులిహోర పట్టుకెళ్ళండి

మా అమ్మాయి ఏడో తరగతిలో ఫ్రెంచి తీసుకుంది. ఆదివారం తెలుగు బడి అనగానే తలనొప్పి, కడుపునొప్పి అన్నీ ఒకేసారి వచ్చే పిల్ల, ఫ్రెంచి హోంవర్కు మాత్రం ఎవరూ అడక్కుండానే చేసుకుంటుంది. నాకు కాస్త ఉడుకుమోత్తనంగానే ఉండేది, దాచుకోవడం దేనికి. పోయిన ఏడాది వసంతంలో "ఫ్రెంచి మాట్లాడే ఊరికి తీసుకెళ్ళండి, మాంట్రియల్ వెళ్దాం" అని పట్టుబట్టింది. అప్పుడు మా అమ్మ అమలాపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఆవిడకి కెనడా వీసా, మాకు మా స్టాంపింగు భయాలు. మీకు చెప్పక్కర్లేదుగా.

"ఫ్రెంచి ఊరే కదా కావలసింది, మూడున్నర గంటల దూరంలో ఉంది, బట్టలు సర్దండి" అన్నారు మా వారు. ఆయన ఎం.ఎస్. చదివింది లాఫయెట్‌లోనే. లూజియానా అనగానే అందరూ న్యూ ఆర్లియన్స్‌కి పరిగెడతారు. అక్కడ వీధుల పేర్లు ఫ్రెంచివి, మాట మాత్రం ఇంగ్లీషే. లాఫయెట్ అలా కాదు. లక్షా ఇరవై వేల మంది ఉండే ఈ చిన్న ఊళ్ళో ఫ్రెంచి ఇంకా బతికే ఉంది. అయితే దాన్ని ఎక్కడ వెతకాలో తెలియాలి. ప్యారిస్‌లోలాగా హోటల్ కౌంటర్‌లో "బోంజూర్" వినపడుతుందనుకుంటే నిరాశపడతారు. అన్ని చోట్లా ఇంగ్లీషు నడుస్తుంది, ఆ దిగులు పెట్టుకోకండి.

హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద తూర్పుకి 215 మైళ్ళు. ఊరు దగ్గర పడగానే రేడియో 88.7 పెట్టండి. అది యూనివర్సిటీ వాళ్ళు నడిపే కే.ఆర్.వీ.ఎస్. స్టేషను. పొద్దుటి పూట ఫ్రెంచి పాటలు, ఫ్రెంచి కబుర్లు వస్తాయి. మా అమ్మాయి రెండు నిమిషాలు విని "ఇది మా టీచర్ ఫ్రెంచి కాదు" అంది. కాదు మరి. ఫ్రాన్సులో రొయ్యని క్రెవెట్ అంటే ఇక్కడ షెవ్రెట్ అంటారు. కారుని వ్వాచ్యూర్ అని కాక షార్ అంటారు. మన కోనసీమ తెలుగుకీ, టీవీ తెలుగుకీ ఉన్న తేడా అనుకోండి.

లాఫయెట్‌కి ఇంకో పాతిక మైళ్ళుందనగా క్రౌలీ వస్తుంది. ఆ ఊరి చుట్టుపక్కలంతా వరి. మేం వెళ్ళింది ఏప్రిల్ మధ్యలో. చేల నిండా నీళ్ళు, నీళ్ళలో వరసగా బుట్టల మూతులు పైకి తేలి ఉన్నాయి. అంతవరకూ కునుకు తీస్తున్న అమ్మ లేచి కూర్చుంది. "ఇదేంటే, మన భీమవరంలా ఉంది" అంది. నిజంగానే అదే లెక్క. వేసవి చివర వరి కోశాక మడికి మళ్ళీ నీళ్ళు పెట్టి, అదే మడిలో క్రాఫిష్ పెంచుతారు. జనవరి నుంచి మే దాకా పట్టుబడి. రొయ్యల చెరువులని చూసి పెరిగిన మనిషికి ఎవరూ వివరించక్కర్లేదు. అన్నట్టు, అక్కడ క్రేఫిష్ అనకండి, క్రాఫిష్ అనాలి. లేకపోతే కొత్తవాళ్ళని వెంటనే తెలిసిపోతుంది.

ఇక తిండి. మాంసం తినేవాళ్ళకి ఇది స్వర్గం, నేనేమీ చెప్పక్కర్లేదు. అన్నం తినే జాతి వాళ్ళు. గుంబో అంటే పులుసు, అన్నం మీద పోసుకుని తింటారు. ఎటూఫే కూడా అన్నంతోనే. శాకాహారులకి మాత్రం చిక్కే. అమ్మ, నేను శాకాహారులం. మొదటి రోజు ఒక హోటల్లో రాజ్మా లాంటి ఎర్ర చిక్కుడు గింజలు, అన్నం చెప్పాం. "మాంసం లేదు కదా" అని అడిగితే "లేదు" అంది ఆ పిల్ల. రెండో చెంచాలో సాసేజ్ ముక్క వచ్చింది. పాపం ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, అక్కడ రుచికోసం వేసే ముక్క మాంసం లెక్కలోకి రాదంతే. అమ్మ ఏమీ అనలేదు, చెంచా పక్కన పెట్టేసింది. కారులో నేను కట్టుకెళ్ళిన పులిహోర ఆ పూట కాపాడింది. అందుకని "వెజిటేరియన్" అని ఊరుకోకండి. మాంసం వద్దు, చేపా రొయ్యా వద్దు, చికెన్ ఉడకబెట్టిన నీళ్ళు వద్దు, బేకన్ వద్దు అని ఒక్కొక్కటీ విడివిడిగా అడగండి. డర్టీ రైస్ అని ఉంటుంది, పేరు చూసి పిల్లలు సరదాపడతారు. అందులో కోడి కార్జం ఉంటుంది. బూడాన్ అంటే అన్నం కూరిన పంది సాసేజ్, పెట్రోలు బంకుల్లో కూడా వేడివేడిగా అమ్ముతారు. మా వారు కాలేజీ రోజుల్లో దాని మీదే బతికారట, ఇప్పటికీ బంకు కనపడితే కారు దానంతటదే ఆగుతుంది.

మనం ధైర్యంగా తినగలిగినవి లేకపోలేదు. కూష్-కూష్ అని మొక్కజొన్న పిండిని మూకుట్లో వేయించి పాలు, చెరకు పాకం పోసుకుని తింటారు. బెన్యేలు దొరుకుతాయి, అంటే వేయించిన మెత్తటి పిండి ముక్కల మీద పంచదార పొడి. పెకాన్ ప్రలీన్ మన పాకం ఉండకి అక్క. కాఫీ బాగా చిక్కగా, నల్లగా ఉంటుంది. ఫిల్టర్ కాఫీ కోసం న్యూ ఆర్లియన్స్ చికరీ కాఫీ డబ్బాలు కొనే మనవాళ్ళకి ఈ రుచి కొత్త కాదు.

గుంబో అన్న పేరు బెండకాయదే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ భాషల్లోంచి వచ్చిన మాట. ఫ్రెంచిలో ఇప్పటికీ బెండకాయని గోంబో అంటారు. ఇది తెలిశాక అమ్మకి ఆ ఊరితో చుట్టరికం కలిసింది. "పులుసులో బెండకాయ వేసుకునేవాళ్ళు చెడ్డవాళ్ళు ఎందుకవుతారు" అని తేల్చేసింది.

ఊళ్ళో తిరగడానికి ఒక రోజు చాలు. యూనివర్సిటీ మధ్యలో సైప్రెస్ లేక్ అని చిన్న చిత్తడి మడుగు ఉంది. అందులో నిజం మొసళ్ళు, ఎలిగేటర్లు, ఉంటాయి. తరగతులకి వెళ్ళే పిల్లలు వాటిని దాటుకుంటూ వెళ్తుంటారు. సెయింట్ జాన్ కెథడ్రల్ పక్కన పెద్ద ఓక్ చెట్టు ఉంది, అయిదు వందల ఏళ్ళ నాటిదని చెప్తారు. మన ఊరి రావిచెట్టులా కొమ్మలు నేలకి వంగి ఉంటాయి. పేర్లు చదవడం ఒక తమాషా. చివర 'ఇ ఎ యు ఎక్స్' అని నాలుగక్షరాలు కనపడితే కంగారు పడకండి, ఉత్త 'ఓ' అనండి చాలు. బ్రో, బూద్రో, టిబడో. దుకాణంలో 'లాన్యాప్' అన్న మాట వింటే సంతోషించండి. అది మన కొసరే. డజను కొంటే పైన ఒకటి వేసేది. ఇంగ్లీషులో కొసరుకి మాట దొరక్క ఇన్నేళ్ళు అవస్థపడ్డాను, లూజియానాలో దొరికింది.

తప్పకుండా చూడవలసింది వెర్మిలియన్‌విల్. 1884 దాకా ఈ ఊరి పేరు అదే. ఇప్పుడు ఆ పేరుతో కాలవ ఒడ్డున పాతకాలపు పల్లెని నిలబెట్టారు. నూలు వడికేవాళ్ళు, కమ్మరులు, చిన్న చెక్క ఇళ్ళు. ఇక్కడివాళ్ళ కథ కూడా అక్కడే తెలుస్తుంది. వీళ్ళ పూర్వీకులు ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియాలో, అకాడీ అనే ప్రాంతంలో ఉండేవారు. 1755లో బ్రిటిషువాళ్ళు వాళ్ళని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టి ఓడలెక్కించారు. కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. పదేళ్ళ తర్వాత కొందరు ఈ చిత్తడి నేలకి చేరారు. అకాడియన్ అన్న మాటే నలిగి నలిగి కేజన్ అయింది.

ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ డాన్సు పెడతారు. వెళ్ళేముందు వాళ్ళ క్యాలెండరు చూసుకోండి. ఫిడేలు, అకార్డియన్, ఫ్రెంచి పాట. అకార్డియన్ మోగగానే "హార్మనీని మెళ్ళో వేసుకున్నాడేంటే" అంది అమ్మ. ఆవిడ తప్పేం లేదు, రెండూ గాలికి రేకులు మోగే వాయిద్యాలే. ఎనభై దాటినవాళ్ళు, ఎనిమిదేళ్ళవాళ్ళు కలిసి వాల్ట్జ్ వేస్తున్నారు. చీర కట్టుకున్న అమ్మని చూసి ఒక పెద్దావిడ పక్కకి జరిగి చోటిచ్చింది. మా అమ్మాయిని "కొమాన్ సా వా?" అని అడిగింది. ఇది గర్వంగా స్కూలు ఫ్రెంచిలో జవాబు చెప్పింది. ఆవిడ ముచ్చటపడి చాలాసేపు మాట్లాడించింది. తర్వాత ఇంగ్లీషులో అడిగింది, "మరి మీ అమ్మమ్మతో ఏ భాష మాట్లాడతావు?"

ఇది తడబడింది. "అమ్మ ట్రాన్స్‌లేట్ చేస్తుంది" అంది.

ఆవిడ కాసేపు డాన్సు చూసింది. అప్పుడు చెప్పింది. ఆరేళ్ళప్పుడు బడిలో వేసేనాటికి తనకి ఒక్క ఇంగ్లీషు ముక్క రాదట. బాత్రూముకి వెళ్ళాలని అడగడం కూడా తెలియక కూర్చున్నచోటే తడుపుకుందట. ఫ్రెంచిలో అడిగిన పిల్లలకి దెబ్బలు, శిక్షలు. 1921 నాటి లూజియానా రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషు తప్ప వేరే భాష వద్దంది. తన పిల్లలకి ఆ అవమానం వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది. మొగుడూ పెళ్ళాం పిల్లలకి తెలియకూడని సంగతులు మాట్లాడుకోవడానికి మాత్రం ఫ్రెంచి దాచుకున్నారు. ఇప్పుడు మనవరాలు బళ్ళో ఫ్రెంచి నేర్చుకుని తనతో మాట్లాడుతోంది. "మేమిద్దరం నవ్వుకుంటుంటే మా అబ్బాయి మధ్యలో కూర్చుని మా మొహాలు చూస్తాడు" అంది.

1968లో లూజియానా ప్రభుత్వం ఫ్రెంచి కోసం కోడోఫిల్ అనే సంస్థ పెట్టింది. ఫ్రాన్సు, బెల్జియం, కెనడాల నుంచి టీచర్లని రప్పించారు. లాఫయెట్ ప్రభుత్వ బడుల్లో లెక్కలు, సైన్సు కూడా ఫ్రెంచిలో చెప్పే తరగతులున్నాయి. తాతలనాడు కొట్టి మాన్పించినదాన్ని మనవలనాడు జీతాలిచ్చి నేర్పిస్తున్నారన్నమాట.

ఇదంతా అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ విని, "వాళ్ళని కొట్టారు కాబట్టి మానేశారు. మిమ్మల్ని ఎవరు కొట్టారే?" అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి, తొందరలో ఏది నోటికొస్తే అది మాట్లాడాను పన్నెండేళ్ళు. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. మా అమ్మాయి "అమ్మమ్మ ఏమంది?" అని అడిగింది. మొదటిసారిగా ట్రాన్స్‌లేట్ చెయ్యలేదు నేను.

మర్నాడు ఏవరీ ఐలండ్ వెళ్ళాం, అక్కడికి ముప్పై మైళ్ళు. టబాస్కో సాస్ పుట్టిల్లు, 1868 నుంచి అక్కడే చేస్తున్నారు. పండు మిరపకాయలు రుబ్బి ఉప్పు కలిపి ఓక్ పీపాల్లో మూడేళ్ళ దాకా ఊరబెడతారు, మూత మీద మళ్ళీ ఉప్పు కప్పుతారు. అమ్మ ఆ పీపాల ముందు కదల్లేదు. జాడీ మూతకి గుడ్డ కట్టే విషయంలో ఆవిడకీ వాళ్ళకీ అభిప్రాయభేదం ఉంది, అది నా చేత గైడుకి చెప్పించింది. అక్కడ రుచి చూడమని ఇచ్చే సాసులు కారం అనుకుని భయపడకండి, మన గొడ్డుకారం ముందు అవి పసిపిల్లలు.

ఎప్పుడు వెళ్ళాలంటే, ఏప్రిల్ గానీ అక్టోబరు గానీ. ఏప్రిల్ చివర ఫెస్టివల్ ఇంటర్నేషనల్ జరుగుతుంది. 1987 నుంచి జరుగుతున్న అయిదు రోజుల సంగీతోత్సవం, ఫ్రెంచి మాట్లాడే దేశాలన్నిటి నుంచీ పాటగాళ్ళు వస్తారు, టికెట్టు లేదు. హోటళ్ళు మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. అక్టోబరులో గిరార్డ్ పార్కులో కేజన్, క్రియోల్ ఉత్సవం. మార్డీ గ్రా టైములో వెళ్ళేటట్టయితే యూనిస్ వైపు పల్లెల్లో వేషాలు కట్టి ఇల్లిల్లూ తిరిగి గుంబోకి సరుకులు అడుక్కుంటారు, మన పగటివేషగాళ్ళలాగే. కోడిని వదిలి వెంటబడతారు కూడా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. ఉక్క, దోమలు, తుఫాన్ల భయం, అవి మనకి కొత్తవేం కాదు గానీ డబ్బిచ్చి వెళ్ళి పడక్కర్లేదు.

వచ్చేటప్పుడు స్టీన్స్ చెరకు పాకం పసుపు డబ్బా కొనండి. పక్కనే ఆబవిల్‌లో 1910 నుంచి చేస్తున్నారు. ఇంటికొచ్చాక అమ్మ దిబ్బరొట్టె వేసి ఆ పాకం పోసింది. అచ్చం చెరకు పానకమే. మా అమ్మాయి తిని, ఇంకో ముక్క కావాలని నా వైపు చూసింది. నేను గిన్నెలు కడుగుతూ ఉండిపోయాను. కాసేపాగి "అమ్మమ్మా, ఇంకా... పానకం" అంది. "పొయ్యమనా, వద్దనా?" అని అడిగింది అమ్మ. "పొయ్యి" అంది.

ఆ డబ్బా వారంలో అయిపోయింది. అక్టోబరులో మళ్ళీ వెళ్తున్నాం. అమ్మ తన పెట్టెలో ఒకటి పెట్టమంది, అమలాపురంలో చూపించాలట. రెండు తేవాలి.