రెండో నీళ్లు

2024 వర్షాకాలంలో మా అమ్మకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. జ్వరం పోయింది గాని ఆకలి తిరిగి రాలేదు. 78 యేళ్ల మనిషి. నాలుగు చెంచాల జావ తాగి మొహం తిప్పుకునేది. డాక్టరుగారు "పలచగా వుండాలి, బలంగానూ వుండాలి" అన్నారు. నీళ్లు పెంచితే బలముండదు, పిండి పెంచితే ముద్దయి కూచుంటుంది. ఆఫీసులో జమాఖర్చులు సరిచూసే మాకు యీ లెక్క మాత్రం తేలలేదు.

"మొలకల పిండి వెయ్యండిరా" అన్నది అమ్మ.

బెంగుళూరులో మాది మూడో తరం. వీధిలో కన్నడం, యింట్లో తెలుగు. రాగులు రెండిటికీ చుట్టాలే. అయినా మొలకల పిండి యెప్పుడూ అమ్మే చేసేది, మేము తాగేవాళ్లం. యీసారి ఆమె మంచంమీద నుంచి చెప్పడం, మేమూ మా ఆవిడా చేయడం.

కిలో రాగులు కడిగి రాత్రంతా నానబెట్టాం. తెల్లవారి నీళ్లు వంచి గుడ్డలో మూటకట్టి, ఆరినప్పుడల్లా తడి చల్లాం. రెండో నాటికి తెల్లని మొలకలు వచ్చాయి. నీడన బాగా ఎండబెట్టి, బాణలిలో సన్నసెగ మీద కాస్త వేడి చూపించి, చేతులతో నలిపి, మొలకలు చెరిగేసి, పిండి ఆడించుకొచ్చాం.

నాలుగు చెంచాల మామూలు రాగిపిండితో జావ కాచి, అది కుతకుత ఉడుకుతుండగా వొక చెంచా మొలకల పిండి వేశాం. గరిట నిలబడేంత ముద్ద అయింది.

అమ్మ చూసి, "ఉడుకులో వేసి దాన్ని చంపేశారు కదరా!" అన్నది.

ఆ మాటకు అర్థం ఆదివారం మా మేనల్లుడు చెప్పాడు. వాడు యీ వూళ్లోనే బీరు కాచేచోట పని చేస్తాడు. ఆ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ అమ్మ వాడితో ముక్తసరిగానే మాట్లాడుతోంది. గింజ మొలకెత్తేటప్పుడు, తనలోని పిండిని తీపిగా మార్చుకొనే ఎంజైము పుట్టిస్తుందట. మరిగే వేడికి అది చెడిపోతుంది. గోరువెచ్చనైతే చురుకుగా పనిచేయదు. "65 డిగ్రీల దగ్గర పెట్టాలి మామయ్యా. మేం బార్లీతో రోజూ చేసేది యిదే" అంటూ సంచీలోంచి థర్మామీటరు తీశాడు.

మళ్లీ జావ కాచి దించాం. 65కు దిగాక మొలకల పిండి కలిపి, మూతపెట్టి, గిన్నెకు దుప్పటి చుట్టాం. 20 నిమిషాలకు తీసి చూస్తే, గరిట నిలబడాల్సిన జావ మజ్జిగలా జారుతోంది. బెల్లం వెయ్యలేదు, అయినా తీపి! నీళ్లు పెరగలేదు, పిండి తగ్గలేదు. డాక్టరుగారి లెక్క తేలింది.

నీరసపు కడుపుకు పొట్టు పడదని గుడ్డలో వడగట్టాం. పిప్పి పారెయ్యబోతుంటే, "రెండో నీళ్లు పొయ్యి!" అన్నది అమ్మ. సరిగ్గా అదే క్షణాన మేనల్లుడు, "వేడినీళ్లతో కడిగి పిండండి, మామయ్యా" అన్నాడు. యిద్దరూ వొకరి మొహం వొకరు చూసుకున్నారు.

తీపి కొంత పిప్పిలోనే దాక్కుంటుందట. బీరు కాచేవాళ్లు 75 డిగ్రీల నీళ్లు పైనుంచి మెల్లగా పోసి దాన్ని దింపుకుంటారు. మరీ మరిగే నీళ్లయితే పొట్టులోని వగరు కూడా దిగుతుంది. అమ్మకు డిగ్రీలు తెలియవు. "చురుక్కుమనాలి, పొంగకూడదు" అన్నది, అంతే.

రెండు నీళ్లూ కలిపి, చివరికి వొక పొంగు రానిచ్చాం. ఎంజైము పని అయిపోయింది గనుక యిక ఉడికినా నష్టం లేదు. మొలకలతో వచ్చే సూక్ష్మజీవులకు మాత్రం ఆ పొంగు అవసరం. చిటికెడు ఉప్పు వేసి యిచ్చాం.

అమ్మ గ్లాసు ఖాళీ చేసింది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నది.

"మీ కొట్టులోనూ రెండో నీళ్లు పోస్తారట్రా?" అని అడిగింది మనవణ్ణి.

"పొయ్యకపోతే మా దొర వూరుకోడు, అమ్మమ్మా."

"అయితే గింజ విలువ తెలిసినవాళ్లే. వచ్చే ఆదివారం భోజనానికి రా."

యిప్పుడు అమ్మ తనే వంటింట్లో తిరుగుతోంది. థర్మామీటరు మా యింట్లోనే వుండిపోయింది. అయినా ఆమె మాత్రం గిన్నె అంచున చెయ్యి పెట్టే చూస్తుంది. తరవాత మేము థర్మామీటరు పెడితే, యించుమించు 65 వుంటుంది.