లేనప్పుడే వినిపించేది!

పెళ్లి రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా హోరెత్తిపోతుంటుంది. గాయని గొంతు బాగుందంటారు ఒకరు. డ్రమ్స్ అదరగొట్టాడంటారు ఇంకొకరు. గిటార్ కుర్రాడి జుట్టు గురించి వెనక వరసలో గుసగుసలు. డ్రమ్స్ పక్కనే, స్పీకరు పెట్టెకు దగ్గరగా, నాలుగు లావుపాటి తీగలున్న గిటారుతో నిలబడిన మనిషి గురించి మాత్రం ఎవరూ ఏమీ అనరు. పాట మధ్యలో అతని వైరు ఊడిందనుకోండి... అప్పుడు కూడా ఏం జరిగిందో చాలామందికి తెలీదు. కానీ అప్పటిదాకా తాళం వేస్తున్న కాళ్లు ఆగిపోతాయి. పాట పలచబడుతుంది. ఉప్పు వేయడం మరిచిన పప్పుచారులా ఉంటుంది.

ఆ నాలుగు తీగల వాయిద్యమే బేస్ గిటార్. ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు, లేనప్పుడు అందరికీ తెలుస్తుంది. దాన్ని నమ్ముకున్నవాళ్ల జీవితమూ ఇంచుమించు అంతే!

రేడియో రిపేరరు చేతి చలవ

పూర్వం బ్యాండుల్లో ఈ పని చేసింది డబుల్ బేస్. మనిషికంటే ఎత్తుండే వయొలిన్‌ని ఊహించుకోండి, అదే. దాన్ని ఒక ఊరి నుంచి మరో ఊరికి మోసుకెళ్లడమే ఓ ప్రయాస. తీరా వేదికెక్కాక డ్రమ్స్, బాకాల మోతలో దాని చప్పుడు ఎవరికీ వినిపించేది కాదు. అమెరికాలోని సియాటెల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930ల్లోనే కరెంటుతో పనిచేసే చిన్న బేస్ తయారుచేశాడు. కానీ అది జనంలోకి వెళ్లలేదు.

ఆ పని చేసింది లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణంతో మొదలైన మనిషి. విచిత్రమేంటంటే ఆయనకు గిటారు వాయించడమే రాదు! ఆయన 1951లో తెచ్చిన బేస్ గిటారుకు భుజాన తగిలించుకోవడానికి పట్టీ ఉంది. శబ్దాన్ని పెంచడానికి యాంప్లిఫయరు ఉంది. వీణకు మెట్లున్నట్టే దీనికి ఫ్రెట్లున్నాయి. డబుల్ బేస్‌లో వేలు వెంట్రుకవాసి జరిగితే అపశ్రుతి. ఇక్కడ ఫ్రెట్ల మధ్య నొక్కితే స్వరం కచ్చితంగా పలుకుతుంది. అందుకే దానికి ‘ప్రెసిషన్ బేస్’ అని పేరు పెట్టారు. అప్పుడు తీగ కొలతగా ఎంచుకున్న 34 అంగుళాలే ఇప్పటికీ ఎక్కువ కంపెనీలు పాటిస్తున్న లెక్క. 1960లో అదే కంపెనీ ‘జాజ్ బేస్’ తెచ్చింది. ఈ రోజు ప్రపంచంలో ఏ మూల బేస్ గిటారు చూసినా, ఆ రెండింటిలో ఏదో ఒకదాని పోలిక కనిపిస్తుంది.

మామూలు గిటారులో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తే, బేస్‌లో ఆ తీగ 41 సార్లే కంపిస్తుంది. అంటే సరిగ్గా ఒక స్థాయి కింద అన్నమాట. సెల్‌ఫోన్ స్పీకరు ఆ శబ్దాన్ని పలికించలేదు. పెద్ద స్పీకరు ముందు నిలబడితే మాత్రం చెవికంటే ముందు గుండెకు తెలుస్తుంది.

కోరి వచ్చేవాళ్లు తక్కువ

చిన్నప్పటి నుంచీ బేసిస్టు కావాలని కలలుగన్నవాళ్లు ఎంతమంది ఉంటారు? కాలేజీ బ్యాండు పెట్టినప్పుడు నలుగురికి గిటారు వచ్చి ఉంటుంది. అందులో ఎవరికి కాస్త తక్కువ వస్తే వాళ్ల చేతిలో బేస్ పెడతారు. ఇదేదో మన దగ్గరి ముచ్చటే అనుకునేరు. బీటిల్స్ బృందంలో స్టువర్ట్ సట్‌క్లిఫ్ తప్పుకున్నాక బేస్ ఎవరూ తీసుకోకపోతే, 1961లో ఆ బాధ్యత పాల్ మెకార్ట్‌నీ నెత్తిన పడింది. లాస్‌ఏంజెలెస్‌లో గిటారు వాయించే కరోల్ కే కథా అంతే. 1963లో ఓ రికార్డింగుకి రావాల్సిన బేసిస్టు రాలేదు. ఆ పూటకి ఆమె బేస్ అందుకుంది. తర్వాత వేల రికార్డింగుల్లో వాయించింది.

తెలుగు శ్రోతలకు ఈ వాయిద్యం రుచి చూపించింది ఎక్కువగా సినిమానే. ఇళయరాజా పాటల్లో పల్లవి ఒక దారిన పోతుంటే బేస్ మరో దారిన సొంతంగా ఇంకో పాట పాడుతున్నట్టుంటుంది. ఆ తీగల వెనకున్న వేళ్లు శశిధరన్‌వి. ఎ.ఆర్.రెహమాన్ పాటల్లో ఏళ్ల తరబడి బేస్ వాయించింది చెన్నైకి చెందిన కీత్ పీటర్స్. బేసిస్టయిన తండ్రి దగ్గరే నేర్చుకున్న ముంబయి అమ్మాయి మోహినీ డే, ఇప్పుడు అంతర్జాతీయ వేదికల మీద వాయిస్తోంది. ఆ పాటలు నోటికొచ్చినవాళ్లు లక్షల్లో ఉంటారు. ఈ పేర్లు తెలిసినవాళ్లు?

వేదిక మీద మూడు గంటలు

కార్యక్రమం ఏడింటికైతే బేసిస్టు నాలుగింటికల్లా అక్కడుండాలి. ముందు డ్రమ్స్ శబ్దం సరిచూస్తారు, తర్వాత బేస్. ఆ రెండూ కుదిరితేనే మిగతావాళ్ల వంతు. బేస్ బరువు నాలుగు కిలోల పైమాటే. మూడు గంటలు భుజాన వేలాడేసుకుని నిలబడితే రాత్రి ఇంటికెళ్లాక ఎడమ భుజం ఎవరిదో అన్నట్టుంటుంది. చూపు గాయకుడి మీదున్నా చెవి డ్రమ్మరు కుడికాలి మీదుండాలి. ఆ కాలు పెద్ద డ్రమ్ముని తాకిన క్షణంలోనే తీగ మోగాలి. ఆ రెండు చప్పుళ్లూ ఒక్కటిగా వినిపించినప్పుడే జనం కాళ్లు కదులుతాయి.

అసలు పరీక్ష వేరే ఉంది. ‘ఈ రోజు గొంతు బాలేదన్నా, అర శ్రుతి దించుదాం’ అంటాడు గాయకుడు, పాటకు అర నిమిషం ముందు. కీబోర్డు కళాకారుడికి మీట ఉంది, నొక్కితే చాలు... వేళ్లు పాత చోటే తిరుగుతాయి, స్వరం దిగిపోతుంది. బేస్‌కి అలాంటి మీట లేదు. పాట మొత్తాన్నీ బుర్రలోనే కిందికి జరుపుకోవాలి. ఖాళీ తీగ మీద హాయిగా మోగే స్వరాలన్నిటికీ కొత్తచోట్లు వెతుక్కోవాలి. అదీ అప్పటికప్పుడు! తప్పితే అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. తప్పకపోతే ఎవరూ చూడరు.

ఇంత చేసినా ఖర్చు తగ్గించాలనుకున్న నిర్వాహకుడు మొదట కొట్టేసేది ఈ పేరునే. కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ లాగించేయొచ్చు కదా అంటాడు. లాగించేయొచ్చు. చిన్న ఊళ్లలో చాలా ఆర్కెస్ట్రాలు అలాగే నడుస్తున్నాయి కూడా. దాంతో నలుగురికి దొరికే పని ముగ్గురికే దొరుకుతుంది.

‘ఫైనల్ ఎంతన్నా?’

సంగీత వాయిద్యాల దుకాణానికి వెళితే గోడ నిండా గిటార్లుంటాయి. బేస్‌లు ఓ మూల ఒకటో రెండో ఉంటాయి. అమ్ముడుపోయేవి తక్కువ, అందుకే తెప్పించేవీ తక్కువ. మంచి బేస్ కావాలంటే చాలామందికి దారి ఒక్కటే. మరో బేసిస్టు అమ్మేదాకా ఆగడం. ఒక ఊళ్లో బాగా వాయించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే కాబట్టి, ఒకే వాయిద్యం నాలుగైదు చేతులు మారి మళ్లీ మొదటివాడి కంటబడటం వింతేం కాదు.

పెళ్లిచూపులకు పెద్దలు వెళ్లినట్టు, సెకండ్‌హ్యాండ్ బేస్ చూడ్డానికి అనుభవమున్నవాణ్ని వెంటబెట్టుకెళ్తారు. ‘ఒక్కరోజు కూడా కింద పెట్టలేదన్నా’ అని అమ్మేవాడు చెబుతూనే ఉంటాడు. చూసేవాడు మాట్లాడడు. తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, చిట్టచివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపెట్టి మధ్యలో సందు ఎంతుందో చూస్తాడు. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే మెడ తిన్నగా ఉన్నట్టు. బాగా ఎక్కువుంటే వంగినట్టు. కాస్త వంపైతే లోపలున్న ఇనుప కడ్డీని తిప్పి సరిచేయొచ్చు, మెలిక తిరిగితే మాత్రం వదిలేయడమే మేలు. విశాఖ, చెన్నైలాంటి సముద్రపు గాలి ఊళ్లలో వాడినదైతే మరలకు తుప్పు పట్టిందేమో చూడాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగని ఊరికే తాకి మీటినప్పుడూ, నొక్కి మీటినప్పుడూ ఒకే స్వరం పలకాలి. మీటలు తిప్పితే గరగరమనకూడదు. కొన్ని బేస్‌లలో తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది నీరసించి ఉంటే వాయిద్యమే పాడైందనుకునే ప్రమాదముంది. అందుకే తెలివైనవాళ్లు జేబులో కొత్త బ్యాటరీతో వెళ్తారు.

అన్నీ అయ్యాక ‘ఫైనల్ ఎంతన్నా?’ అన్న ప్రశ్న. అరగంట బేరం. చివరికి బ్యాగూ వైరూ ఉచితంగా కలిపితే ఖాయం.

కొన్నాక ఖర్చు ఆగుతుందా అంటే... తీగలున్నాయిగా! మామూలు గిటారు తీగల ధరకు కొన్ని రెట్లుంటుంది బేస్ తీగల సెట్టు. అందుకే పాతబడ్డ తీగల్ని విప్పి, మరిగే నీళ్లలో కాసేపు ఉడికించి, తుడిచి మళ్లీ బిగిస్తారు చాలామంది. చెమట, జిడ్డు వదిలి కొన్నాళ్లపాటు కొత్తవాటిలా మోగుతాయి. వంటింట్లో గిన్నె కనిపించట్లేదని ఇల్లాలు వెతుకుతుంటే, బేసిస్టు ఇంట్లో సమాధానం తేలికే!

తాకట్టు పెట్టుకోరు

మోజు తీరి అమ్మేవాళ్లుంటారు. ఇంకా మంచిది కొనడానికి అమ్మేవాళ్లుంటారు. అవసరమొచ్చి అమ్మేవాళ్ల సంగతే వేరు. పెళ్లిళ్ల మీద బతికే ఆర్కెస్ట్రాలకు ఆషాఢం వస్తే పని లేదు, మూఢం వస్తే పని లేదు. ఇంటద్దెకూ స్కూలు ఫీజుకూ మూఢముండదు. 2020లో కరోనాతో వేదికలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. ఇల్లు గడవడానికి వాయిద్యాలు అమ్ముకోక తప్పనివాళ్లున్నారు.

ఇంట్లో బంగారముంటే బ్యాంకులో పెట్టొచ్చు. చేతిలో డబ్బులు ఆడాక విడిపించుకోవచ్చు. బేస్ గిటారుని మాత్రం ఏ బ్యాంకూ తాకట్టు పెట్టుకోదు. అమ్మితేనే డబ్బు. అమ్మితే మళ్లీ పని పిలుపొచ్చినప్పుడు చేతిలో ఏముంటుంది? రైతు ఎద్దుల్ని అమ్ముకున్నట్టే ఇదీ. ఈ నెల గడుస్తుంది, వచ్చే కారు మాటేమిటన్నది మిగిలిపోతుంది. అందుకే పాతకాపులు కొత్తవాళ్లకు చెప్పే మాట ఒకటే... ఎన్ని అమ్మినా ఒక్కటి ఉంచుకో. ఖరీదైనదే కానక్కర్లేదు, రేపు సాయంత్రం మోగేదైతే చాలు.

పోయినవి, దొరికినవి

కొందరికి అమ్ముకునే అవకాశం కూడా దక్కలేదు. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ హిట్ పాటలెన్నిటికో బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదు, ఆ మురికిలోనే మాధుర్యముందని ఆయన నమ్మకం. ఏళ్ల తరబడి ఆయన పేరు రికార్డు అట్టల మీద వేయలేదు. 1971లో గానీ ఆ గౌరవం దక్కలేదు. ఆయన 1983లో కన్నుమూశాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఆయన 1962 నాటి ప్రెసిషన్ బేస్‌ని ఎవరో ఎత్తుకుపోయారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని గుర్తించింది 2000లో!

ఫ్రెట్లు పీకేసిన జాజ్ బేస్‌తో ప్రపంచాన్ని ఊపేసిన జాకో పస్టోరియస్‌దీ అలాంటి కథే. 1986లో న్యూయార్క్‌లో దాన్ని పోగొట్టుకున్నాడు. మరుసటేడు ఆయనా పోయాడు. ఇరవై ఏళ్లకు, 2006లో, ఆ బేస్ అదే నగరంలో బయటపడింది. మెటాలికా బేసిస్టు రాబర్ట్ ట్రుహియో చొరవతో ఆ కుటుంబం దాన్ని తిరిగి కళ్లజూసింది.

మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకు కొన్న వయొలిన్ ఆకారపు హాఫ్‌నర్ బేస్ సంగతి ఇంకా చిత్రం. 1972లో లండన్‌లో ఓ వ్యాన్‌లోంచి దొంగలెత్తుకుపోయి పబ్ యజమాని ఒకరికి అమ్మేశారు. అది చేతులు మారి ఓ ఇంటి అటక మీద పడి ఉంది. అభిమానులు పట్టుబట్టి వెతికితే దొరికింది. 2024 ఫిబ్రవరిలో ఆ సంగతి లోకానికి తెలిసింది. ఆ ఏడాది డిసెంబరులో లండన్ వేదిక మీద ఎనభై రెండేళ్ల మెకార్ట్‌నీ దాన్ని మళ్లీ వాయించాడు.

ఈ కథల్లో కొనేవాళ్లకూ ఓ పాఠముంది. బేరం మరీ తేలిగ్గా కుదిరితే ఒక్క క్షణం ఆగాలి. సీరియల్ నంబరు చూడాలి, బిల్లు అడగాలి, ఎవరి చేతి నుంచి వచ్చిందో కనుక్కోవాలి. సొంత వాయిద్యానికి ఫొటో తీసి, నంబరు రాసి పెట్టుకోవాలి. లేదంటే ఒకరి దుఃఖాన్ని మరొకరు చౌకగా కొన్నట్టవుతుంది.

మరి వినేవాళ్లు చేయగలిగిందేంటి? ఎప్పుడూ వినే పాటే ఒకటి ఎంచుకుని ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. గాయకుణ్ని వదిలేసి, అడుగున గుంభనంగా నడిచే ఆ లావు తీగ వెంట చివరిదాకా వెళ్లండి. మొదటిసారి కాస్త కష్టమే. రెండోసారి ఆ దారి దొరుకుతుంది. దొరికాక మాత్రం ఈసారి ఇంట్లో శుభకార్యానికి ఆర్కెస్ట్రా మాట్లాడేటప్పుడు, బేరంలో ఒక మనిషిని తగ్గించమని అడగబుద్ధి కాదు!