పేర్లు కలిస్తే చాలా?

పెళ్లయిన మర్నాడు చాలా ఇళ్లలో ఓ తంతు ఉంటుంది. ఒకరు పిలుపుల జాబితా పట్టుకుంటారు. ఇంకొకరు చదివింపుల పుస్తకం తెరుస్తారు. ఎవరిని పిలిచాం, ఎవరొచ్చారు, ఎంత చదివించారు... రెండూ కలిపి చూసుకోవాలి. వినడానికి చిన్న పనే. కూర్చున్నాకే తెలుస్తుంది తంటా. జాబితాలో ‘బెజవాడ బాబాయి’ అని రాసుంటే, పుస్తకంలో ఆయన అసలు పేరుంటుంది. సుబ్బారావులేమో నలుగురు! ఇంటిపేరు చూడాలి, ఊరు చూడాలి. అప్పటికీ తేలకపోతే నాయనమ్మని అడగాలి.

గణాంకాలతో పనిచేసేవాళ్లు కంప్యూటర్ మీద రోజూ చేసేది ఈ పనే. జనాభా ఒక పట్టికలో ఉంటుంది, బడుల వివరాలు మరో పట్టికలో. రెండింటిలోనూ ఉన్న పేరో నంబరో ఆధారంగా వాటిని ఒక్కటి చేస్తారు. ఆ ఆధారాన్నే ‘కీ’ అంటారు. ఆర్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో అందుకు ఒక్క మాట చాలు... ‘మెర్జ్’. క్షణంలో పని అయిపోతుంది. కాకపోతే సందేహం తీర్చడానికి అక్కడ నాయనమ్మ ఉండదు!

ఇరవై మూడు... ఇరవై అయ్యాయి

స్టాటిస్టిక్స్ చదువుతున్న ఓ కడప అమ్మాయి ప్రాజెక్టు కోసం రెండు పట్టికలు తీసుకుంది. ఒకటి 2001 జనాభా లెక్కలది, మరోటి 2011ది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల చదువు పదేళ్లలో ఎంత పెరిగిందో చూడాలన్నది ఆలోచన. రెండింటిలోనూ 23 జిల్లాలే. కలిపితే 20 మిగిలాయి! హెచ్చరిక లేదు, ఎర్రక్షరాలు లేవు. సగటు కూడా చక్కగా వచ్చేసింది. వరసలు లెక్కపెట్టుకోబట్టి సరిపోయింది కానీ, లేకపోతే ఆమెకీ తెలిసేది కాదు.

తప్పిపోయినవేవని వెతికితే... మొదటిది తన జిల్లానే. పాత పట్టికలో కడప స్పెల్లింగ్ ఇంగ్లిషు ‘సి’తో మొదలవుతుంది. 2005లో అది ‘కె’ అయింది. 2010లో జిల్లా పేరే వైఎస్సార్‌గా మారింది. నెల్లూరు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది. రంగారెడ్డికి చివర ఒకచోట ‘ఐ’, ఇంకోచోట ‘వై’. మనకి అన్నీ ఒకటే. యంత్రానికి ఒక్క అక్షరం మారితే వేరే ఊరు. పేరు వెనక కంటికి కనపడని ఖాళీ ఉన్నా అంతే. జత దొరకని వరసని ‘మెర్జ్’ మామూలుగా వదిలేస్తుంది. అలా జారిపోయిన మూడు జిల్లాల్లో 2011 నాటికి కోటీ పది లక్షల మందికి పైగా ఉన్నారు!

కలిసినా చిక్కే

కలవకపోతే ఇదీ గొడవ. తప్పుగా కలిస్తే ఇంకా పెద్దది. 2011లో వరంగల్ జిల్లా జనాభా 35 లక్షల పైమాటే. 2016లో ఆ జిల్లా విడిపోయి వరంగల్ అర్బన్, రూరల్, మహబూబాబాద్, జనగామ, జయశంకర్ భూపాలపల్లి ఏర్పడ్డాయి. 2019లో ములుగు వచ్చింది. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్‌కి వరంగల్ పేరొచ్చింది. ఇప్పుడు కొత్త వరంగల్‌లోని డాక్టర్ల సంఖ్యని 2011 వరంగల్ జనాభాతో కలిపితే? పేరు అక్షరం పొల్లుపోకుండా సరిపోతుంది. లెక్క మాత్రం అబద్ధం చెబుతుంది. ఉన్న డాక్టర్లు ఊళ్లో లేనట్టే కనిపిస్తారు.

అందుకే అనుభవజ్ఞులు పేరుని నమ్మరు, కోడ్‌ని అడుగుతారు. 2011 జనాభా లెక్కల్లో వరంగల్‌ది 540. కోడ్ ఉంటే స్పెల్లింగ్ గోల తప్పుతుంది. హద్దులే మారితే మాత్రం అదీ చాలదు. మండలాల దాకా దిగి, ఏ మండలం ఎటు వెళ్లిందో చూసి మళ్లీ కూడుకోవాల్సిందే.

కడప అమ్మాయి చేసిన పని కూడా సాదాసీదాదే. పాత పేరు, కొత్త పేరు, కోడ్... మూడు గడులతో చిన్న పట్టిక రాసుకుంది. దాని సాయంతో మళ్లీ కలిపింది. 23 వచ్చాయి. సగటు మారింది. దానికన్నా ముఖ్యంగా, ఆమెకో అలవాటు మిగిలింది. పట్టికలు కలిపిన ప్రతిసారీ జవాబు చూడకముందే, జత దొరకని వరసల్ని విడిగా బయటికి తీస్తుంది. వాటికోసమే ‘యాంటీ జాయిన్’ అనే ఆదేశం ఉంది. చాలామంది దాని జోలికి వెళ్లరు.

కలిసినవి ఎలాగూ కనిపిస్తాయి. కలవనివాటినే ఎవరో ఒకరు పేరుపెట్టి పిలవాలి.