ఆబింగ్డన్ కారుకు ఏ ఇంజను?

ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన, థేమ్స్ నది ఒడ్డున ఆబింగ్డన్ అనే చిన్న పట్టణమున్నది. రాచవేడుకల నాడు కౌంటీ హాలు మిద్దెమీద నుంచి జనం పైకి బన్ను రొట్టెలు విసరడం అక్కడి ఆచారం. అయినా ఆ ఊరిని లోకానికి తెలిపినది అక్కడ తయారైన ఎమ్.జి. స్పోర్ట్స్ కారే.

1962లో వెలువడిన ఎమ్.జి.బి.కి నాలుగు సిలిండర్ల, 1798 సి.సి. ఇంజను. నమ్మకమైనదే, వేగప్రియులకు చాలలేదు. 1967లో అదే కారుకు ఆరు సిలిండర్ల 2912 సి.సి. ఇంజను అమర్చి ఎమ్.జి.సి. అన్నారు. శక్తి పెరిగింది, దానితోపాటు ముందు చక్రాలపై బరువూ పెరిగింది. మలుపులలో చెప్పినట్లు వినదని పత్రికలవారు పెదవి విరిచారు. 1969లో దాని ఉత్పత్తి ఆగిపోయింది.

పరిష్కారం అల్యూమినియంలో దొరికింది. ఎనిమిది సిలిండర్ల రోవర్ ఇంజను 3528 సి.సి.దైనా, బరువులో పాత నాలుగు సిలిండర్లదానికి ఇంచుమించు సమానం. ఫ్యాక్టరీ కంటె ముందే కెన్ కాస్టెల్లో దానిని ఎమ్.జి.బి.లో బిగించి అమ్మి చూపాడు. 1973లో ఫ్యాక్టరీ కూడ ఆ దారే పట్టింది. పాపం, చమురు సంక్షోభం వచ్చిపడినదీ ఆ ఏడే! 1976 నాటికి 2,591 కార్లతో ఆ ప్రయత్నం ముగిసింది. 1980లో ఫ్యాక్టరీయే మూతపడింది.

నేడు పాత ఎమ్.జి.బి. గలవారిదీ అదే తర్కం. రోవర్ ఇంజను పెడితే గేరుబాక్సు, రేడియేటరు, బ్రేకులు దానికి తగినవి కావాలి. ఖర్చు ఇంజనుతో ఆగదు. కొందరు పాత ఇంజనునే విప్పి, సిలిండర్లను 1950 సి.సి.కి బోరు చేయించి తృప్తిపడతారు. ఆబింగ్డన్ చుట్టుప్రక్కల ఇరుకు పల్లెబాటలలో అంతకు మించిన పరుగుకు చోటెక్కడ?